ఎండ్‌గేమ్‌లో ఇంజిన్ మాట ఎంతవరకు నమ్మాలి? ఇంట్లోనే ఇలా పరీక్షించండి

ఒక ఆదివారం చెస్ టోర్నమెంట్‌లో నాలుగో రౌండ్. పేరెంట్స్‌ని హాల్లోకి రానివ్వరు కాబట్టి బయట వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం, నాలాంటి తండ్రులం ఏడెనిమిది మందిమి. మా అమ్మాయి బయటికొచ్చి, "డ్రా నాన్నా" అంది. స్కోర్‌షీట్ చూసి చివరి పొజిషన్‌ని ఫోన్‌లో పెట్టాను. అందులో ఉన్న ఉచిత యాప్ తెల్లవైపు నాలుగు పాయింట్లు పైన అంది. మా అమ్మాయిదే తెలుపు. ఇంకేముంది, చెన్నై విల్లివాక్కంలో లోకల్ ట్రైన్ దిగేదాకా సాధించాను, గెలిచే ఆట చేతులారా పాడు చేసుకున్నావని. ఆ పిల్ల నోరు మెదపలేదు.

రాత్రి పెరుగన్నం తిన్నాక బోర్డు తెచ్చి నా ముందు పెట్టింది. తెల్ల రాజు ఇ4, బిషప్ డి3, బంటు హెచ్4. ఎదురుగా హెచ్8 మూలలో నల్ల రాజు ఒక్కటే. "తెల్లవైపు నువ్వు ఆడు. గెలిచి చూపించు" అంది. ముప్పావుగంట కుస్తీ పట్టాను. మూడుసార్లు స్టేల్‌మేట్ (చెక్ లేకుండానే ఎదుటివాళ్లకు వేయడానికి ఎత్తు లేక డ్రా) చేశాను. నాలుగోసారి బోర్డు నేనే మూసేశాను.

ఎత్తుల్ని లెక్కకట్టే చెస్ ప్రోగ్రామ్‌ని ఇంజిన్ అంటారు. పావులు తగ్గిపోయిన చివరి దశలో, అంటే ఎండ్‌గేమ్‌లో అది చూపే అంకెను ఎలా చదవాలో, దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ పక్కన పెట్టాలో ఆ రాత్రి నుంచి నేర్చుకుంటున్నాను. మీ ఇంట్లోనూ చెస్ ఆడే పిల్లలుంటే, లేదా మీరే ఆడుతుంటే, ఒక సాయంత్రం ఖాళీ చేసుకుని ఈ పరీక్షలు చేయండి. పేర్ల సంగతి ముందే చెప్తాను. కోచ్ తమిళంలో యానై అంటారు, నేను ఏనుగు అంటాను, పిల్లలు రూక్ అంటారు. బిషప్‌ని మాత్రం మా నాన్న శకటు అనేవారు, మా మామ ఒంటె అనేవాడు. ఆ తగువు ఇక్కడెందుకు, బిషప్ అనే రాస్తాను. క్వీన్‌ని మంత్రి అంటాను, అలవాటు పోలేదు.

ముందు బల్ల సర్దుకోండి

లైచెస్ అనే చెస్ వెబ్‌సైట్‌లో బోర్డ్ ఎడిటర్ ఉంటుంది, ఉచితం. పావులు మీకు కావలసిన గళ్లలో పెట్టి, ఎత్తు ఎవరిదో ఎంచుకుని, క్యాస్లింగ్ టిక్కులన్నీ తీసేసి అనాలిసిస్‌లోకి వెళ్లండి. అక్కడ నడిచేది స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్. ఆండ్రాయిడ్ ఫోన్‌లో నెట్ లేకుండా కావాలంటే డ్రాయిడ్‌ఫిష్ యాప్ ఉంది. పుస్తకం బొమ్మ ఉన్న బటన్ నొక్కితే ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ వస్తుంది. బోర్డు మీద ఏడు పావులు, అంతకన్నా తక్కువ ఉంటే అదే చోట టేబుల్‌బేస్, అంటే పొజిషన్ల ఫలితాల చిట్టా తెరుచుకుంటుంది. దాన్ని ఇప్పుడే తెరవకండి. పరీక్ష రాసేవాడి పక్కన ఆన్సర్ కీ పెట్టినట్టు అవుతుంది.

ఒక నోట్‌బుక్ తీసుకోండి. పేజీకి నాలుగు గళ్లు: పొజిషన్, ఐదు సెకన్లకు ఇంజిన్ చూపిన అంకె, ఒక నిమిషానికి చూపిన అంకె, అసలు ఫలితం. నాలుగోది చివరిదాకా ఖాళీగా ఉంచండి.

అంకె అర్థం కూడా తెలియాలి. ప్లస్ అయితే తెలుపుకి, మైనస్ అయితే నలుపుకి బాగుందని. చాలామంది ప్లస్ 1 అంటే ఒక బంటు ఎక్కువ అనుకుంటారు. ఒకప్పుడు ఉద్దేశం అదే. 2022 డిసెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి లెక్క మార్చారు. ఆ ఇంజిన్ తనతో తానే ఆడుకుంటే సగం సార్లు గెలిచేంత ఆధిక్యం ఉన్నప్పుడు ప్లస్ 1 చూపించేలా కొలత సరిచేశారు. అంటే అది బంట్ల లెక్క కాదు, గెలుపు అంచనా. అదీ ఇంజిన్‌తో ఇంజిన్ ఆడితే వచ్చే అంచనా. మీ అమ్మాయీ ఎదుటి పిల్లాడూ ఆడితే వచ్చేది కాదు.

ఆ అంచనా ఎలా పుడుతుందో కూడా రెండు ముక్కల్లో చెప్పాలి. ఇంజిన్ ముందుగా ఎత్తుల చెట్టు పెంచుకుంటూ లోతుకు వెళ్తుంది, తెర మీద డెప్త్ అని కనిపించేది అదే. ఎక్కడో ఒకచోట ఆగి, అక్కడి పొజిషన్ ఎలా ఉందో చూపు మీద తేల్చాలి. ఈ చూపు ఒకప్పుడు మనుషులు రాసిన నియమాలతో నడిచేది. బంటు ఎంత ముందుకెళ్లింది, రాజు ఎంత భద్రంగా ఉన్నాడు, ఇలాంటివి. 2020 సెప్టెంబర్‌లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి ఆ పనికి న్యూరల్ నెట్‌వర్క్ వచ్చింది. ఆ పద్ధతి మొదట జపాన్‌లో, అక్కడి చదరంగం షోగి కోసం యు నాసు అనే ఆయన 2018లో తయారు చేసినది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన 16.1లో మనుషులు రాసిన ఆ నియమాలను పూర్తిగా తీసేశారు. కాబట్టి ఇంజిన్‌కి "తెలుసు" అనేది రెండు రకాలు: వెతికి తెలుసుకోవడం, చూసి చెప్పడం. ఈ రెంటినీ విడదీయడానికే కింది పరీక్షలు.

మూల బంటు, రంగు కలవని బిషప్

మా ఇంట్లో గొడవ పెట్టిన పొజిషన్‌నే మొదట పెట్టండి. ఎత్తు తెలుపుది. బంటు హెచ్8లో మంత్రి కావాలి. హెచ్8 నల్ల గడి. డి3లో ఉన్న బిషప్ తెల్ల గళ్లలోనే తిరుగుతుంది. నల్ల రాజును ఆ మూల నుంచి వెళ్లగొట్టే దిక్కు లేదు. దగ్గరకు నొక్కితే కదలడానికి గడి లేక స్టేల్‌మేట్. ఒక బిషప్, ఒక బంటు ఎక్కువున్నా డ్రా.

ఐదు సెకన్ల అంకె రాయండి. సున్నా దగ్గరుంటే ఇంజిన్ పట్టేసింది. పైనుంటే నిమిషం ఆగి మళ్లీ రాయండి. తర్వాత అదే పొజిషన్‌లో బిషప్‌ని డి3 నుంచి ఇ3కి, అంటే నల్ల గడికి మార్చండి. ఇప్పుడు తెలుపు గెలుస్తుంది. రెండు అంకెల మధ్య తేడా ఎంత ఉందో చూడండి. మీ యాప్ రెండింటికీ ఇంచుమించు ఒకే అంకె ఇస్తే, అది పావుల విలువ కూడి చెప్తోందన్నమాట. నా పాత యాప్ సరిగ్గా అదే చేసింది. ఆ రాత్రే దాన్ని ఫోన్‌లోంచి తీసేశాను.

ఎత్తు వేయడమే నష్టమైన చోటు

రెండో పరీక్ష చిన్నది. తెల్ల రాజు డి5, తెల్ల బంటు ఇ4. నల్ల రాజు ఎఫ్4, నల్ల బంటు ఇ5. ఇద్దరు రాజులూ తమ బంటుని కాస్తూ ఎదుటి బంటు మీద కన్నేసి ఉన్నారు. ఎవరు కదిలితే వాళ్ల బంటు పోతుంది, ఆటా పోతుంది. దీన్నే జుగ్‌జ్వాంగ్ అంటారు. ఎత్తు తెలుపుదని పెట్టి అంకె చూడండి, తర్వాత పావులు కదపకుండా ఎత్తు నలుపుదని మార్చి చూడండి. గుర్తు తారుమారు కావాలి.

ఇంజిన్లకు ఈ చోట పాత బలహీనత ఒకటుంది. త్వరగా వెతకడానికి అవి ఒక కిటుకు వాడతాయి: "నేను ఈసారి ఎత్తు వేయకుండా వదిలేసినా నా పరిస్థితి బాగానే ఉందంటే, ఈ కొమ్మను ఇంకా తవ్వక్కర్లేదు" అనే లెక్క. మిడిల్‌గేమ్‌లో అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. జుగ్‌జ్వాంగ్‌లో మాత్రం ఎత్తు వదిలేయడమే వరం కాబట్టి లెక్క తల్లకిందులవుతుంది. అందుకే రాజు, బంట్లు తప్ప వేరే పావు లేనప్పుడు ఆ కిటుకును ఆపేసేలా రాస్తారు. నాలుగు పావులే కాబట్టి ఈ పరీక్షలో ఏ మంచి ఇంజిన్ అయినా పాసవుతుంది. వెతుకులాట చివరి అంచుదాకా చేరగలిగే చోట దానికి వేరే జ్ఞానం అక్కర్లేదు. 1921లో రిచర్డ్ రేటి కూర్చిన పొజిషన్ కూడా ఇలాంటిదే: తెల్ల రాజు హెచ్8, బంటు సి6, నల్ల రాజు ఏ6, బంటు హెచ్5. తెల్ల రాజు ఎంత దూరంలో ఉన్నా ఐమూలగా నడిచి, అక్కడి బంటును తరుముతూనే ఇక్కడి బంటుకు సాయమొచ్చి డ్రా చేస్తాడు. మనకు నమ్మబుద్ధి కాదు, ఇంజిన్‌కు ఇది చిటికె. పిల్లలకు ముందు మీరే బోర్డు మీద చూపించండి, ఇంజిన్‌కు అప్పగించి ఆ ఆనందం పోగొట్టకండి.

గోడ

అసలు సరదా ఇక్కడుంది, కాస్త ఓపిగ్గా పావులు పెట్టండి. తెల్ల బంట్లు: ఏ4, బి5, సి4, డి5, ఇ4, ఎఫ్5, జి4, హెచ్5. నల్ల బంట్లు: ఏ5, బి6, సి5, డి6, ఇ5, ఎఫ్6, జి5, హెచ్6. తెల్ల రాజు ఇ1, తెల్ల ఏనుగు ఏ1. నల్ల రాజు డి8. ఎత్తు తెలుపుది.

ఒక్కసారి బోర్డు వైపు చూడండి. ఏ బంటూ కదల్లేదు, ఏ బంటూ ఇంకో బంటును కొట్టలేదు. రంపపు పళ్లు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నట్టు ఎడమ నుంచి కుడికి గోడ కట్టేసింది. తెల్ల రాజు ఇవతలే ఉండిపోవాలి. ఏనుగు నాలుగో అడ్డవరుస దాటి పైకి పోలేదు. ఆ వరుసలో ఖాళీగా ఉన్న బి, డి, ఎఫ్, హెచ్ గళ్లన్నీ నల్ల బంట్ల దెబ్బలో ఉన్నాయి. నల్ల రాజు ఏడు, ఎనిమిదో వరుసల్లో వాకింగ్ చేసుకుంటూ ఉంటే చాలు, డ్రా.

ఒక్క మోసం ఉంది. తెలుపు ఏనుగుని బి4లో పెట్టి, తీసుకోమని ఊరిస్తుంది. ఏ5 బంటుతో కొడితే ఏ నిలువు వరుస తెరుచుకుని తెల్ల ఏ4 బంటుకు దారి దొరుకుతుంది, గోడకు గండి పడుతుంది. కొట్టకుండా ఊరుకుంటే ఆ ఏనుగు అక్కడ కూర్చుని చేసేదేమీ లేదు. ఊరికే వచ్చిన ఏనుగుని వద్దనడం పదేళ్ల పిల్లలకు ఎంత కష్టమో మీకే తెలుస్తుంది, ఆడించి చూడండి.

ఇప్పుడు ఇంజిన్‌ని అడగండి. నా ఫోన్‌లో తెల్లవైపు బాగా మొగ్గింది. మీ దాంట్లో ఎంత వస్తుందో రాసుకోండి. అంకె ఎంతైనా, దాన్ని పట్టించుకోకుండా ఇంజిన్ చెప్పిన మొదటి ఎత్తునే రెండు వైపులా వేస్తూ పదిహేను, ఇరవై ఎత్తులు ముందుకెళ్లండి. నిజంగా గెలిచే పొజిషన్ అయితే అంకె మెల్లగా పెరగాలి, బోర్డు మీద ఏదో మారాలి. ఇక్కడ ఏనుగు అటూ ఇటూ తిరుగుతుంది, అంకె పెరగదు. కొన్ని ఎత్తులయ్యాక తగ్గడం కూడా చూస్తారు. దానికి కారణం ఇంజిన్‌కు గోడ అర్థమవడం కాదు. బంటు కదలకుండా, పావు పోకుండా యాభై ఎత్తులు గడిస్తే డ్రా అడగొచ్చన్న నియమం ఉంది కదా, ఆ లెక్క పెరిగే కొద్దీ స్టాక్‌ఫిష్ తన అంకెను తానే తగ్గించుకుంటూ వస్తుంది. జ్వరం తగ్గిందా, థర్మామీటర్ చల్లబడిందా అన్న తేడా లాంటిదే ఇది.

తర్వాత హెచ్1లో రెండో తెల్ల ఏనుగుని పెట్టి మళ్లీ అడగండి. ఫలితం మారదు. అంకె ఏమైందో చూడండి. ఏనుగు బదులు మంత్రిని మాత్రం పెట్టకండి. మంత్రి డి2 నుంచి ఐమూలగా ఏ5 బంటును కొట్టగలదు, అప్పుడు గోడ నిలుస్తుందని నేను పూచీ పడను.

ఈ పరీక్ష మనకిచ్చే పద్ధతి ఒకటే: పెద్ద అంకె కనిపించినప్పుడు, "సరే, ఎలా?" అని ఎత్తులతో అడగండి. పది ఎత్తుల తర్వాత కూడా రాజు ముందుకు రాలేదు, బంటు కదల్లేదు, పావులు మారలేదు అంటే ఆ అంకె పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టండి.

ఇప్పుడు ఆన్సర్ కీ తెరవండి

ఏడు పావుల లోపు పొజిషన్లకు ఇక టేబుల్‌బేస్ బటన్ నొక్కి నాలుగో గడి నింపుకోండి. ఇది ఇంజిన్ కాదు, ఆలోచించదు. చిట్టచివరి మేట్ నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి, ప్రతి పొజిషన్‌కీ గెలుపా, డ్రానా, ఓటమా అని రాసి పెట్టిన చిట్టా. క్యాస్లింగ్ హక్కు ఉన్న పొజిషన్లు అందులో ఉండవు, టిక్కులు తీసేయమన్నది అందుకే. ఇప్పుడు ఎక్కువగా వాడేది రొనాల్డ్ డి మాన్ తయారు చేసిన సిజిజీ. ఐదు పావుల వరకు సుమారు ఒక గిగాబైట్, ఫోన్‌లో పట్టేస్తుంది. ఆరు పావులవి దాదాపు 150 గిగాబైట్లు. 2018లో పూర్తయిన ఏడు పావులవి సుమారు 17 టెరాబైట్లు, అందుకే వాటిని నెట్‌లోనే చూసుకోవాలి.

ఈ చిట్టాలు మనుషుల గర్వాన్ని ఎప్పుడో అణిచాయి. 1977లో కెన్ థాంప్సన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త మంత్రికీ ఏనుగుకీ మధ్య ఎండ్‌గేమ్ మొత్తాన్ని కంప్యూటర్‌లో లెక్క కట్టాడు. అమెరికా ఛాంపియన్ వాల్టర్ బ్రౌన్ మంత్రి వైపు కూర్చుని, ఏనుగు వైపు కంప్యూటర్ ఆడితే గెలుస్తానని పందెం కాశాడు. మొదటిసారి యాభై ఎత్తుల్లో గెలవలేకపోయాడు. వెళ్లి బాగా చదువుకుని మళ్లీ వచ్చి, సరిగ్గా యాభయ్యో ఎత్తుకు ఏనుగుని పట్టాడు. నిజానికి ఎంత చెడ్డ పొజిషన్ నుంచైనా అది 31 ఎత్తుల్లో అయిపోతుంది. ఏడు పావుల్లో అయితే మేట్‌కు 549 ఎత్తులు పట్టే పొజిషన్ కూడా బయటపడింది. యాభై ఎత్తుల నియమంతో అలాంటివి బోర్డు మీద డ్రా కిందే లెక్క. లైచెస్‌లో ఇలాంటి వాటికి విడిగా గుర్తు వేస్తారు, గెలుపని పొరబడకండి.

ఒక జాగ్రత్త. సిజిజీ దగ్గర దారి మేట్‌కు ఎంత దూరమన్నది కాదు, తర్వాతి బంటు ఎత్తుకో, పావు కొట్టుడుకో ఎంత దూరమన్నది. అందుకని ఒక్కోసారి గెలుపు చేతిలో ఉండగా పావుని ఊరికే ఇచ్చేసే ఎత్తుని పైన చూపిస్తుంది. ఫలితం కరెక్టే, పిల్లలకు నేర్పడానికి మాత్రం పనికిరాదు. ఫలితం చిట్టాలో చూడండి, దారి ఇంజిన్‌నో కోచ్‌నో అడగండి.

0.00 అని చూస్తే

పెద్ద అంకెల కన్నా ఈ సున్నాలే మనల్ని ఎక్కువ బోల్తా కొట్టిస్తాయి. 2013 నవంబర్‌లో ఇదే చెన్నైలో ఆనంద్, కార్ల్‌సన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఆడారు. ఐదో గేమ్, ఆరో గేమ్ రెండూ ఏనుగుల ఎండ్‌గేమ్‌లు. ఇంజిన్లు చాలాసేపు ఇంచుమించు సమానమనే చూపించాయి. రెండూ కార్ల్‌సన్ గెలిచాడు. ఊరంతా ఆనంద్ వైపే. ఆ రెండు రోజులూ మా ఆఫీసులో ఎవరూ సరిగా భోంచేయలేదు.

సున్నా కనిపించగానే ఇంజిన్ సెట్టింగ్స్‌లో ఒక లైన్ బదులు ఐదు లైన్లు చూపించమని పెట్టండి. ఐదూ సున్నా దగ్గరే ఉంటే ఆ డ్రా నిద్రలో కూడా పట్టుకోవచ్చు. మొదటిది సున్నా, రెండోది మైనస్ 3 అయితే ఒకే ఒక్క ఎత్తు మీద ప్రాణం నిలిచి ఉంది. అలా వరసగా నాలుగైదు ఎత్తులు ఉంటే, గడియారంలో రెండు నిమిషాలున్న పిల్లకు అది డ్రా కాదు, టెన్షన్. ఫిలిడార్ పొజిషన్‌తో మొదలుపెట్టండి: తెల్ల రాజు డి5, బంటు ఇ5, ఏనుగు హెచ్7, నల్ల రాజు ఇ8, ఏనుగు ఏ6. ఎత్తు తెలుపుది. తెలుపు బంటుని ఇ6కి తోశాక నల్ల ఏనుగు వెనక్కి, ఏ1కి వెళ్లి వెనక నుంచి చెక్‌లు ఇవ్వాలి. అక్కడ ఐదు లైన్లు పెట్టి చూస్తే ఏ ఎత్తు నిలబెడుతోందో, ఏది ముంచుతోందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆ తర్వాత ఇంజిన్‌ని తెల్లవైపు పెట్టి నలుపు మీరే ఆడండి. రెండుసార్లు ఓడితే గాని ఇది బుర్రకెక్కదు, నాకైతే అంతే.

ఓపికుంటే అదే పొజిషన్లను లీలా ఇంజిన్‌లోనూ పెట్టి పోల్చుకోండి. తొలిరోజుల్లో లీలా గెలిచే ఎండ్‌గేమ్‌లో కూడా మేట్ చేయకుండా బంట్లని మంత్రులు చేసుకుంటూ కాలక్షేపం చేసేది. గెలుపు ఖాయమని తెలిశాక దానికి తొందరేముంది? తర్వాత, ఇంకా ఎన్ని ఎత్తులు పడుతుందో కూడా అంచనా వేసేలా మార్చారు.

ఎనిమిది, తొమ్మిది పావులుంటే

నోట్‌బుక్‌లో నాలుగో గడి నింపలేని పొజిషన్లు ఇవే. వీటికి నేను చేసేది ఏడుకు దింపడం. ఇంజిన్ చెప్పిన లైన్‌లో ముందుకెళ్తూ, పావులు మారే ప్రతి చోటా ఆగి, ఏడయ్యాక టేబుల్‌బేస్ తెరుస్తాను. తర్వాత వెనక్కొచ్చి వేరే మార్పిడి పెట్టి చూస్తాను. ఏ మార్పిడి డ్రా, ఏది ఓటమి అని పక్కన రాసుకుంటాను.

2024 డిసెంబర్ 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన 14వ గేమ్ దీనికి మంచి పాఠం. మన చెన్నై తెలుగు పిల్లవాడి ఆట కాబట్టి ఇంట్లో ఎవరికీ బోర్ కొట్టదు. 55వ ఎత్తుకు ముందు ఇద్దరికీ ఒక్కో ఏనుగు, ఒక్కో బిషప్. తెలుపు ఆడుతున్న డింగ్‌కి ఒక బంటు, గుకేశ్‌కి రెండు. రాజులతో కలిపి తొమ్మిది. ఇంజిన్ డ్రా అంటోంది, చిట్టా నోరు విప్పదు. డింగ్ ఏనుగుని ఎఫ్2కి తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోగానే ఏడు. ఇక్కడ ఆగి, నల్ల ఎత్తు అని పెట్టి, టేబుల్‌బేస్ తెరవమని మా అమ్మాయికి చెప్పాను. తను తెరవలేదు. డింగ్ బిషప్ ఏ8 మూలలో ఇరుక్కుని ఉండటం చూసి, నల్ల బిషప్‌ని డి5లో పెట్టి, "ఇదేనా నాన్నా?" అంది. అదే. బిషప్‌లు కూడా పోయి ఐదు పావులు మిగిలాక బటన్ నేనే నొక్కాను.